హిట్స్ సంగతి సరే, అడిగింది దొరక్క వెళ్లిపోయినవాళ్లెందరు?

సంపాదకులు గారికి,

నమస్కారమండీ. చిన్న వ్యాపారాలవాళ్లు కూడా వెబ్‌సైట్ పెట్టుకోవాలని, పెట్టుకుంటే ఊరు దాటి బేరాలు వస్తాయని మీ పేపర్లో అప్పుడప్పుడు రాస్తుంటారు. అందులో అబద్ధమేం లేదు. కానీ పెట్టుకున్నాక ఏం చూసుకోవాలన్నది ఎవరూ రాయరు, రాసినా లక్ష మంది చూశారు, రెండు లక్షల హిట్స్ వచ్చాయి అన్నచోటే ఆగిపోతారు. నేను కడియం దగ్గర నర్సరీ వాడిని. నర్సరీ మా నాన్న పెట్టింది, సైటు నేను పెట్టించింది. ఆ సైటు అంకెల్ని తప్పుగా చదివి మొదట్లో నేను చేసిన పనులు తల్చుకుంటే నవ్వొస్తుంది, కొన్నింటికి డబ్బులు కూడా వదిలాయి కాబట్టి పూర్తిగా నవ్వు రాదు. నాలాంటివాళ్లు ఇంకొందరు ఉంటారు కదా అని ఈ ఉత్తరం. కొంచెం పెద్దదైంది, ఎక్కడ కత్తిరించాలో మీకు తెలిసినంత నాకు తెలీదు.

సైటు చేసిపెట్టినవాళ్లు, పేరెందుకులెండి, నెలనెలా ఒక రిపోర్టు పంపేవారు. మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో హిట్స్. ఒక నెల 40 వేలు వచ్చాయి. నేను ఆ కాగితం ప్రింటు తీయించి మరీ తోటి నర్సరీలవాళ్లకి చూపించాను. మా నాన్న ఒకటే అడిగాడు, "నలభై వేలమంది వస్తే ఫోన్ మోగదేంట్రా?" నా దగ్గర జవాబు లేదు, ఆయన చదువుకోలేదు కదా అని సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి తర్వాత తెలిసింది. హిట్ అంటే మనిషి కాదు. సైటు ఉన్న కంప్యూటర్ని, అంటే సర్వర్‌ని ఎవరైనా ఒక ఫైలు అడిగిన ప్రతిసారీ ఒక హిట్ పడుతుంది. మా గులాబీల పేజీలో 60 ఫొటోలు ఉండేవి. ఒక మనిషి ఆ పేజీ ఒక్కసారి తెరిస్తే పేజీకి ఒకటి, ఫొటోలకి 60, రంగులూ అక్షరాల తాలూకు ఫైళ్లకి ఇంకో నాలుగు, మొత్తం 65 హిట్స్. అన్ని పేజీలూ అలాంటివే అనుకుని 40 వేలని 65తో భాగించి చూడండి, ఆరువందల చిల్లర. అది కూడా పేజీలు తెరిచిన లెక్కే, మనుషుల లెక్క ఇంకా తక్కువ. ఫొటోలు రెట్టింపు చేస్తే ఒక్క మనిషి పెరగకుండా హిట్స్ రెట్టింపవుతాయి, ఆ రిపోర్టు పంపినవాళ్లకి ఇది తెలీదని నేననుకోను. చాలా సైట్లకి, ముఖ్యంగా పాత సర్కారీ సైట్లకి, అడుగున ఒక మీటరు తిరుగుతూ ఉంటుంది, మీరు ఇన్నో సందర్శకులు అని. అది చూసినప్పుడల్లా నాకు నా ప్రింటు కాగితం గుర్తొస్తుంది.

మా అమ్మాయి ఇంజనీరింగ్‌లో చేరాక గూగుల్ అనలిటిక్స్ పెట్టింది, సైటుకి ఎవరు వచ్చారో, ఏం చూశారో లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్. డబ్బు కట్టక్కర్లేదు. 2005లో గూగుల్ వాళ్లు అర్చిన్ అనే చిన్న కంపెనీని కొని, అదే ఏడాది ఆఖర్లో దాని సాఫ్ట్‌వేర్‌నే ఈ పేరుతో జనంలోకి వదిలారు. ఇది సర్వర్ లెక్క లాంటిది కాదు. పేజీలో చిన్న కోడు ముక్క ఒకటి ఉంటుంది, చూసేవాళ్ల ఫోన్లో అది నడిచి కబురు పంపితేనే వాళ్లు లెక్కలోకి వస్తారు. కాబట్టి మనుషుల లెక్కకి దగ్గరగా ఉంటుంది. దగ్గరగా అంటున్నాను, సరిగ్గా అనట్లేదు. ఒకే మనిషి పొద్దున ఫోన్లో, మధ్యాహ్నం ఆఫీసు కంప్యూటర్లో చూస్తే ఇద్దరు. ఇంట్లో నలుగురూ ఒకే ఫోన్ మీద వంగి చూస్తే ఒక్కరు.

అందులో ఊళ్ల పట్టిక ఒకటి ఉంటుంది. రాజమండ్రి, హైదరాబాద్, బెంగళూరు ఉన్నాయి, నాలుగోది ఆష్‌బర్న్. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం. మా పెద్దమ్మ కొడుకు ఆ చుట్టుపక్కలే ఉంటాడు, ఫోన్ చేసి అడిగితే "ఇక్కడ మనవాళ్లు వీధికి నలుగురు ఉంటార్రా" అన్నాడు. ఇంకేముంది, అమెరికాలో తెలుగువాళ్లు మన కరివేపాకు మొక్క కోసం, మల్లె అంటు కోసం మొహం వాచిపోయి ఉన్నారనుకున్నాను. మొక్కలు పంపాలంటే ఫైటోశానిటరీ సర్టిఫికెట్, అంటే మొక్కకి తెగుళ్లు లేవన్న కాగితం, కావాలంటే దాని గురించి వాకబు, కనీసం విత్తనాలైనా పంపుదామని ఆలోచన, ఇంగ్లీషులో కొత్త పేజీలు రాయించడానికి ఖర్చు. రెండు నెలలు అయ్యాక మా అమ్మాయి అదే పట్టికలో పక్క గడి చూపించింది. ఆష్‌బర్న్ నుంచి వచ్చినవాళ్లు పేజీ మీద ఉన్న సమయం సగటున సున్నా సెకన్లు. ఒక్క ఫోన్ రాలేదు, ఒక్క రెండో పేజీ తెరవలేదు. ఆ ఊరి చుట్టూ డేటా సెంటర్లు, అంటే వేలకొద్దీ సర్వర్లు పెట్టిన భవనాలు, ఉన్నాయట, అంత పెద్ద గుంపు ప్రపంచంలో ఇంకెక్కడా లేదంటారు. వచ్చినవి మనుషులు కాదు, ఆ సర్వర్లలోంచి సైట్లని గాలించే ప్రోగ్రాములు. వాటినే బాట్స్ అంటారు. తనకి తెలిసిన బాట్స్‌ని అనలిటిక్స్ తనే ఏరేస్తుంది, తెలియనివి మనుషుల్లో కలిసిపోతాయి. మా అన్నయ్య చెప్పింది నిజమే, వీధికి నలుగురు ఉన్నారు, కాకపోతే మా సైటుకి వచ్చింది వాళ్లు కాదు.

ఇంకోటి చెప్తే మీరు నమ్మరు. ఏ గంటలో జనం ఎక్కువ వస్తున్నారో చూస్తే పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతంలో అని చూపించేది. సరే అని ఎనిమిదింటికల్లా ఫోన్ దగ్గర ఒక కుర్రాడిని కూర్చోబెట్టాను. వాడు టీ తాగుతూ ఖాళీగా కూర్చునేవాడు. అనలిటిక్స్ అకౌంటు తెరిచినప్పుడు టైమ్ జోన్, అంటే ఏ ఊరి టైము ప్రకారం లెక్కపెట్టాలన్నది, మార్చకుండా అమెరికాలోని లాస్ ఏంజెలెస్ అనే వదిలేశాం. అక్కడి వేసవి టైముకీ మన టైముకీ తేడా పన్నెండున్నర గంటలు. అంటే వాళ్ల పొద్దున ఎనిమిదిన్నర మనకి రాత్రి తొమ్మిది. భోజనాలయ్యాక మొగుడూ పెళ్లాం కూర్చుని డాబా మీద ఏం మొక్కలు పెడదామా అని చూసుకునే వేళ అది. అప్పుడు మా ఫోన్ ఎత్తే దిక్కు లేదు. ఆ ఒక్క సెట్టింగ్ మార్చి, రాత్రి పదింటిదాకా వాట్సాప్‌లో జవాబిస్తాం అని సైటు మీద రాశాం. ఆ నెల వచ్చిన బేరాలు అంతకుముందు ఏ మార్పుకీ రాలేదు. మీ పాఠకుల్లో ఎవరికైనా సైటు ఉంటే ఇంకేం చూడకపోయినా ఈ టైమ్ జోన్ ఒక్కటి ఇవాళే చూసుకోమనండి.

తర్వాత, మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు అని ఒక లెక్క. అది మాకు చాలా బాగుండేది, నమ్మకమైన కస్టమర్లు అని పొంగిపోయేవాడిని. వాళ్లు మా కుర్రాళ్లే. నర్సరీకి వచ్చినవాళ్లు ధర అడిగితే ఫోన్లో మా సైటే తెరిచి చూసి చెప్పేవారు, రోజుకి పాతికసార్లు. కడియం నుంచి వచ్చే లెక్క పక్కన పెడితే ఆ నమ్మకమైన కస్టమర్లు కాస్తా ఆవిరైపోయారు.

శాతాల గురించి ఎక్కువ చెప్పను. బోన్సాయ్ పేజీకి 200 శాతం పెరిగారని రిపోర్టులో ఉంటే సంబరపడకండి, నలుగురు పన్నెండుమంది అయినా 200 శాతమే.

ఇప్పుడు అసలు విషయం. అంకె ఒకటే ఉంటుంది, దానికి అర్థం పేజీని బట్టి మారిపోతుంది. మా ధరల పేజీలో జనం సగటున నాలుగు నిమిషాలు ఉంటున్నారని చూపించింది. ఎంత శ్రద్ధగా చదువుతున్నారో అనుకున్నాను. ఒకరోజు కాకినాడ నుంచి వచ్చిన ఒకావిడ, ఇంటి తోట కోసం వచ్చింది, నా ముందే ఫోన్లో ఆ పేజీ తెరిచింది. అది పేరుకే పేజీ అండీ, లోపల ఉన్నది నలభై పుటల ధరల పుస్తకాన్ని స్కాన్ చేసి పెట్టిన ఫైలు. ఆవిడ వేళ్లతో పెద్దది చేస్తూ, పక్కకి జరుపుతూ, కిందకి లాగుతూ ఒక్క మందారం ధర కోసం వెతుక్కుంటోంది. ఆ నాలుగు నిమిషాలు శ్రద్ధ కాదు, అవస్థ. ఇటు చిరునామా, ఫోన్ నంబరు ఉన్న పేజీ చూస్తే పాపం జనం ఎనిమిది సెకన్లలో వెళ్లిపోతున్నారు, బౌన్స్ రేట్, అంటే వచ్చినట్టే వచ్చి వెళ్లిపోయేవాళ్ల శాతం, ఆకాశంలో ఉంది. ఆ పేజీ బాగా లేదని దానికి రంగులూ, మా తాతగారి ఫొటో, నర్సరీ చరిత్ర అన్నీ కలిపాను. ఫోన్లు తగ్గాయి! ఎనిమిది సెకన్లలో వెళ్లినవాళ్లు విసుక్కుని వెళ్లలేదు, నంబరు దొరికింది, నొక్కారు, మాతో మాట్లాడారు. నేను చరిత్ర పెట్టి నంబరుని కిందకి తోసేశాను. ఇప్పుడు ఆ నంబరు మీద ఎన్నిసార్లు నొక్కారో అది విడిగా లెక్కలోకి వచ్చేలా మా అమ్మాయి పెట్టింది, నేను రోజూ చూసేది అదొక్కటే. తాతగారి ఫొటో వేరే పేజీలో ఉంది, ఎవరూ చూడరు, ఉంచాను.

బౌన్స్ రేట్ అన్న మాటకి ఈ మధ్య అర్థం కూడా మారింది. పాత అనలిటిక్స్‌లో ఒక్క పేజీ చూసి, ఇంకేదీ ముట్టుకోకుండా వెళ్తే బౌన్స్. అది 2023 జూలై 1 నుంచి లెక్కలు తీసుకోవడం ఆపేసింది, ఏడాది తర్వాత పాత లెక్కలు చూసుకునే దారి కూడా మూసేశారు. మావి దాచుకోలేదు, పోయాయి. ఇప్పుడున్న దాంట్లో 10 సెకన్లకి మించి ఉన్నా, రెండు పేజీలు చూసినా, మనం ముఖ్యమని గుర్తుపెట్టిన పని ఏదైనా చేసినా అది పనికొచ్చిన రాక, ఇవేవీ లేకపోతే బౌన్స్. కాబట్టి అప్పటి 70 శాతానికీ ఇప్పటి 40 శాతానికీ పోలిక లేదు. సైటు బాగుపడిందని ఎవరైనా ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే డబ్బులు ఇవ్వకండి.

మా నాన్న దగ్గర ఒక పుస్తకం ఉంటుందండీ. పొడుగు లెక్కల పుస్తకం, గేటు దగ్గర గల్లాపెట్టె పక్కన. అమ్మినవి అందులో రాయడు. ఎవరైనా వచ్చి ఏదైనా అడిగి, లేదు అనిపించుకుని వెళ్తే అది రాస్తాడు. మొక్క పేరు, తేదీ, ఎన్ని అడిగారు. అంతే. ఏడాదికి రెండుసార్లు దాన్ని తిరగేసి ఏ అంటు కట్టాలో, బయటి నుంచి ఏం తెప్పించాలో ఆయనే నిర్ణయిస్తాడు. చిన్నప్పుడు ఆ పుస్తకం చూసి, వచ్చిన లాభం రాసుకోకుండా పోయిన బేరం రాసుకుంటాడేంటి ఈయన అని నవ్వుకునేవాడిని.

సైటులో వెతుకుడు పెట్టె ఒకటి ఉంటుంది కదా, అందులో జనం ఏం కొట్టారో మొత్తం లెక్క దొరుకుతుందని నాకు చాలాకాలం తెలీదు. ఒకరోజు మా అమ్మాయి ఆ పట్టిక తీసింది, అందులో ఫలితాలు ఏమీ రానివి విడిగా. చూస్తే అది మా నాన్న పుస్తకమే. కరివేపాకు, ఫలితం లేదు. గన్నేరు, లేదు. నందివర్ధనం, లేదు. మనోరంజితం, లేదు. పారిజాతం, లేదు. ఇవన్నీ మా దగ్గర వేలల్లో ఉన్నాయి! సైటు చేసినవాళ్లు ఎక్కడో హోల్‌సేల్ క్యాటలాగులోంచి పేర్లు ఎత్తి పెట్టారు. గన్నేరుని ఒలియాండర్ అని, నందివర్ధనాన్ని టాబర్నెమోంటానా అని, పారిజాతాన్ని నిక్టాంథిస్ అని. కరివేపాకుని కరీ లీఫ్ అని రాశారు, దాన్ని కొట్టేవాళ్లు మన దగ్గర ఎవరు? ఇంకో చమత్కారం, కొత్తపల్లి కొబ్బరి అని ఎవరైనా కొడితే మా సైటు కొబ్బరి మొక్కలు చూపించేది. అది మామిడి రకం అని గోదావరి జిల్లాలో పిల్లాడిని అడిగినా చెప్తాడు, సైటుకి ఎవరు చెప్పాలి?

రెండు వారాలు కూర్చుని ప్రతి మొక్కకీ తెలుగు పేరు తెలుగులో, అదే పేరు ఇంగ్లీషు అక్షరాల్లో జనం కొట్టే నాలుగైదు రకాలుగా రాశాం. జనం స్పెల్లింగులు కూడా ఆ పట్టికలోంచే తీశాం, మనం ఊహిస్తే రావు. నందివర్ధనానికి ఏడు రకాలు దొరికాయి.

బయట గూగుల్‌లో ఏం కొట్టి మన దాకా వచ్చారన్నది మాత్రం అనలిటిక్స్‌లో కనబడదు. ఒకప్పుడు కనబడేది, 2011లో లాగిన్ అయినవాళ్లవి దాచడం మొదలుపెట్టి 2013కల్లా దాదాపు అన్నీ దాచేశారు. దానికి గూగుల్ వాళ్లదే సెర్చ్ కన్సోల్ అని వేరే ఉంది, అదీ ఉచితమే. అందులో ఏ మాటకి మన సైటు ఎన్నిసార్లు కనబడింది, ఎన్నిసార్లు నొక్కారు, సగటున ఎన్నో స్థానంలో ఉంది అన్నీ ఉంటాయి, 16 నెలలు దాచి ఉంచుతుంది. కనబడటం ఎక్కువ, నొక్కడం సున్నా ఉన్న వరసలు చూడండి, అదీ నాన్న పుస్తకం లాంటిదే. మాకు జమ్మి మొక్క అన్న మాటకి దసరా ముందు ఎన్నోసార్లు కనబడి ఒక్కరూ నొక్కని వరస ఉంది. జమ్మి తెలంగాణ రాష్ట్ర వృక్షం, దసరా నాడు అక్కడ ఇంటింటా జమ్మి ఆకు ఇచ్చిపుచ్చుకుంటారు, కాలనీల వాళ్లు గుడి దగ్గర నాటుకుందామని వెతుకుతారు. మా దగ్గర మొక్క ఉంది, దానికో పేజీ లేదు, గూగుల్ ఫలితాల్లో ఎక్కడో మూడో పేజీలో మా పూల మొక్కల పట్టిక కనబడేది. పేజీ పెట్టాం, ఫొటో, ఎత్తు, కవరు సైజు, ధర, లారీలో కాకుండా పార్శిల్‌లో పంపుతామా లేదా. ఆ పండక్కి హైదరాబాద్ వైపు నుంచి వచ్చిన ఫోన్లు మా నాన్నే ఎత్తాడు.

పండగ అన్నాను కాబట్టి ఇది కూడా చెప్పాలి, దీని గురించి ఇంగ్లీషు వీడియోల్లో ఎవరూ చెప్పరు, వాళ్లకి అవసరం లేదు. పోయినేడాది ఇదే నెలతో పోల్చి చూడమంటారు అందరూ. 2025 సెప్టెంబర్ లెక్క చూసి నాకు గుండె జారిపోయింది, అంతకుముందు సెప్టెంబర్‌తో పోలిస్తే తులసి, మారేడు, గరిక, జిల్లేడు పేజీలు సగానికి పడిపోయాయి. సైటులో ఏదో చెడిపోయిందని టెన్షన్ పడి మనిషిని పిలిపించాను, ఆయన నాలుగు రోజులు చూసి బిల్లు వేశాడు. మా ఆవిడ గోడ మీద క్యాలెండర్ చూసి చెప్పింది. 2024లో వినాయక చవితి సెప్టెంబర్ 7న వచ్చింది, 2025లో ఆగస్టు 27న. పత్రి కోసం వెతికేవాళ్లంతా ఆగస్టులోనే వచ్చి వెళ్లిపోయారు! ఆగస్టు చూస్తే అక్కడ పెరిగి ఉంది. 2026లో అధిక మాసం వచ్చి చవితి సెప్టెంబర్ 14కి పోతుంది, అప్పుడు సెప్టెంబర్ అమాంతం పెరిగినట్టు కనబడుతుంది, అదీ అబద్ధమే. అందుకని ఇప్పుడు మేం నెలతో నెల పోల్చం. చవితికి ముందు మూడు వారాలు, చవితికి ముందు మూడు వారాలతో. ఉగాది, కార్తీకం, శ్రావణ శుక్రవారాలు అన్నీ అంతే. చీరలు, స్వీట్లు, పూజా సామాన్లు అమ్మేవాళ్లందరికీ ఇది వర్తిస్తుంది. ఇలా పోల్చుకోవాలంటే పాత లెక్కలు ఉండాలి కదా, అనలిటిక్స్‌లో లోతుగా తవ్వి చూసే వివరాలు రెండు నెలలే ఉంచమని మొదట్లో సెట్ అయి ఉంటుంది, దాన్ని మార్చి 14 నెలలు చేసుకోవచ్చు. అప్పటికే చెరిగిపోయినవి మాత్రం వెనక్కి తేదు.

వాట్సాప్ గురించి రెండు ముక్కలు. మనవాళ్లు లింకులు పంపుకునేది అందులోనే. కానీ వాట్సాప్‌లో లింకు నొక్కి వచ్చినవాళ్లు ఎక్కువగా డైరెక్ట్ అనే ఖాతాలో పడతారు, అంటే చిరునామా నోటికొచ్చి తనే టైపు చేసి వచ్చినట్టు. మాకు డైరెక్ట్ బాగా ఎక్కువగా ఉంటే మా పేరు అంత పాకిపోయిందనుకున్నాను. లింకు చివర ఒక గుర్తు తగిలించి పంపితే ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. దాన్ని యూటీఎం అంటారు, అందులో యూ అంటే ఇందాక చెప్పిన అర్చిన్ కంపెనీయే, కంపెనీ పోయినా పేరు లింకుల చివర వేలాడుతోంది. మేం వాట్సాప్‌కి ఒక గుర్తు, యూట్యూబ్ వీడియోల కింద ఒకటి, హైవే మీద బోర్డు మీదున్న క్యూఆర్ కోడ్‌కి ఒకటి పెట్టాం. అన్నిటికంటే ఎక్కువ ఖర్చయిన బోర్డు నుంచి నెలకి పదిమంది కూడా రారు. వెళ్లే బండ్లలో ఎవరు స్కాన్ చేస్తారు, ఆ బుద్ధి ముందు ఉండాల్సింది.

ఊళ్ల పట్టిక మన దేశంలో కూడా నమ్మకూడదని ఆ తర్వాత తెలిసింది. మొబైల్ డేటా మీద వచ్చేవాళ్ల ఊరు సరిగ్గా పట్టుకోలేదు, కంపెనీ నెట్‌వర్క్ ఏ పెద్ద ఊళ్లోంచి ఇంటర్నెట్‌లోకి వెళ్తే ఆ ఊరు చూపిస్తుంది. అమలాపురంలో కూర్చున్నవాడు హైదరాబాద్‌వాడైపోతాడు. నేను హైదరాబాద్ మీద ప్రకటనలకి ఖర్చుపెట్టి, ఫోన్ చేసినవాళ్లని ఎక్కడి నుంచండీ అని అడిగితే, రావులపాలెం, తణుకు, మండపేట.

ఇంకో రకం మనుషులు ఉన్నారు, వాళ్లు అనలిటిక్స్ లెక్కలో పడరు. మా ఫొటోలు ఒక్కోటి నాలుగైదు ఎంబీలు ఉండేవి, కుర్రాళ్లు ఫోన్లో తీసినవి తీసినట్టే ఎక్కించేవారు. సిగ్నల్ సరిగ్గా లేని చోట పేజీ తెరుచుకునేలోపే జనం విసుగొచ్చి వెనక్కి నొక్కేసేవారు. అనలిటిక్స్ కోడు నడవకముందే వెళ్లిపోయారు కాబట్టి వాళ్లు వచ్చినట్టే దానికి తెలీదు. సర్వర్ లాగ్, అంటే ఎవరు ఏ ఫైలు అడిగారో సర్వర్ రాసుకునే చిట్టా, తీసి చూస్తే అడుగులు కనబడ్డాయి, పేజీ అడిగారు, మూడు ఫొటోలు అడిగారు, అక్కడితో ఆగిపోయింది. ఫొటోలన్నీ కుదించి చిన్నవి చేశాక అనలిటిక్స్‌లో జనం పెరిగారు. కొత్తవాళ్లు కాకపోవచ్చు, అంతకుముందు గేటు దాకా వచ్చి వెళ్లిపోయినవాళ్లే లోపలికి వచ్చి ఉంటారు.

వచ్చినవాళ్ల ఫోన్ నంబర్లు తీసి ఇస్తామని ఫోన్ చేసే బాపతు కొందరు ఉన్నారు. వాళ్లతో పెట్టుకోకండి. మనుషుల వివరాలు వాళ్లకి చెప్పకుండా తీసుకోవడం మీద 2023లో చట్టమే వచ్చింది, చట్టం సంగతి అటుంచి, మొక్క చూసినందుకు నంబరు పట్టుకుని వెంటపడితే మళ్లీ ఎవరైనా వస్తారా?

ఇక మీ దగ్గరికి వస్తాను, ఏమీ అనుకోకండి. మీ పేపర్ సైటు నేను రోజూ చూస్తాను. ఇది తెలిస్తే షాక్ అవుతారు అని ఉంటే నొక్కుతాను, లోపల ఏమీ ఉండదు, వెనక్కి వస్తాను. మీ లెక్కలో నేను ఒక పేజీ వ్యూ. దాన్ని చూసి అలాంటి శీర్షికలే ఇంకో పది పెడుతున్నారేమో అని నా అనుమానం. అదే జిల్లా పేజీలో ధరల పట్టిక, పూల మార్కెట్ రేట్లు వేసిన రోజు నేను రెండుసార్లు వస్తాను, మా వాళ్లకి పంపుతాను, అవి వాట్సాప్‌లో వెళ్తాయి కాబట్టి ఎక్కడి నుంచి వచ్చారో మీకు తెలీదు. మీ సైటులో కూడా వెతుకుడు పెట్టె ఉంది. అందులో మేం ఏం కొడుతున్నామో, ఏం దొరక్క పోతున్నామో మీలో ఎవరైనా చూస్తున్నారా?

డ్వాక్రా అక్కచెల్లెళ్లకి, రైతు సంఘాలకి ఆన్‌లైన్ అమ్మకాల మీద శిక్షణ పెడుతుంటారు. సైటు ఎలా పెట్టాలి, ఫొటో ఎలా తీయాలి, పేజీకి లైకులు ఎలా తెచ్చుకోవాలి, ఇవే చెప్తారు. అందులో ఒక్క పూట ఈ అంకెలు ఎలా చదవాలో కూడా చెప్పమని మీరు రాస్తే చదివేవాళ్లు ఉంటారు. లెక్చరు అక్కర్లేదు, వాళ్ల సైటు వాళ్ల ముందే తెరిచి, టైమ్ జోన్ ఏముందో చూపించి, వెతికి దొరకని మాటల పట్టిక ఒకటి తీసి చేతికిస్తే చాలు, మిగతాది వాళ్లకే తెలుస్తుంది, అమ్ముకునేవాళ్లు కదా.

మా నాన్న కళ్లు మసకబారాయి, పుస్తకం రాయడం తగ్గించాడు. ఇప్పుడు రోజూ పొద్దున టీ టైముకి ఆ పట్టిక ఆయనకి నేను చదివి వినిపిస్తాను. నిన్న రాత్రి తొమ్మిదింటి తర్వాత ఆకుసంపెంగ అని మూడుసార్లు కొట్టారు, ఫలితం లేదని వచ్చింది. అది మనోరంజితమేరా, ఆ పేరు కూడా రాయించు అన్నాడు. రాయించాలి.

ఇట్లు,
కడియం నుంచి ఒక నర్సరీ రైతు